ఒక్క ఎలక్ట్రాన్ ప్రయాణం

సికింద్రాబాద్‌లోని ఆ డిగ్రీ కళాశాల ఫిజిక్స్ ల్యాబ్‌లో కిటికీలకు నల్ల తెరలు దించారు. మిల్లికన్ నూనెచుక్క ప్రయోగం నడుస్తోంది. రబ్బరు బుడ్డి నొక్కి నూనె చిమ్మిన అమ్మాయి పక్కకు జరిగి, "చూడండి సార్, ఇప్పుడు పైకెళ్తుంది" అంటూ స్విచ్ వేసింది. రెండు లోహపు పలకల మధ్య కిందికి జారుతున్న మెరుపుచుక్క ఆగి, పైకి ఎక్కసాగింది.

చుక్క వేగాన్ని బట్టి దాని మీది విద్యుదావేశం లెక్కకడతారు. ఏ చుక్కను కొలిచినా అది 1.6×10⁻¹⁹ కూలుంబుకు ఒకటి, రెండు, మూడు రెట్లుగానే తేలుతుంది తప్ప ఒకటిన్నర రెట్లు కాదు. ఆ ఒక్క పాలే ఎలక్ట్రాన్ ఆవేశం. షికాగోలో 1909లో మొదలైన ఈ పనికి మిల్లికన్‌కు 1923లో నోబెల్ వచ్చింది.

నేను వెళ్లింది దీని తర్వాతి కథ కోసం: విడి ఎలక్ట్రాన్‌ను పరుగెత్తించి దాన్నే క్యూబిట్‌గా, అంటే క్వాంటం కంప్యూటర్‌లో సున్నా, ఒకటి రెండూ ఒకేసారి పట్టే బిట్‌గా వాడడం. అమరావతికి తెస్తామని 2025లో ప్రకటించిన ఐబీఎం క్వాంటం కంప్యూటర్‌లో 156 క్యూబిట్లు. అవి చిప్ మీద ఉన్నచోటే ఉంటాయి, సంకేతాలే వాటిని వెతుక్కుంటూ వస్తాయి. ఈ పద్ధతిలో క్యూబిట్టే గేట్ల గుండా సాగిపోతుంది.

అక్కడ ఫిజిక్స్ చెప్పే మేడమ్ బోర్డు మీద రెండు గీతలు గీశారు. "మన స్టేషన్లో పక్కపక్కనే ఉన్న రెండు రైలు లైన్లనుకోండి. పైదాని మీద ఉంటే సున్నా, కిందిదాని మీద ఉంటే ఒకటి. రైలు ఒక లైను మీదే పోతుంది. ఎలక్ట్రాన్ తరంగం రెండింటి మీదా పోగలదు." రెండు దారుల మధ్య విద్యుత్ అడ్డును వోల్టేజితో తగ్గిస్తే తరంగం అటూ ఇటూ పారుతుంది. ఎంత పారాలో నిర్ణయించేదే గేటు.

ఎలక్ట్రాన్‌ను ఈ దారుల్లో మోసుకెళ్లేది ధ్వని. గాలియం ఆర్సెనైడ్ ఉపరితలం మీద ధ్వనితరంగం సాగితే, దాని వెంటే ఒక విద్యుత్ గుంత సెకనుకు సుమారు మూడు కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఎలక్ట్రాన్ అందులో కూర్చుని పోతుంది. 2011లో గ్రెనోబుల్, కేంబ్రిడ్జ్ బృందాలు విడివిడిగా ఇది చేసి చూపాయి. కేంబ్రిడ్జ్ వారైతే ఒకే ఎలక్ట్రాన్‌ను కొన్ని మైక్రోమీటర్ల దారిలో పదేపదే అటూ ఇటూ తిప్పారు. ఈ పదార్థం మనకూ పరాయిది కాదు, హైదరాబాద్‌లో డీఆర్‌డీవో వారి గేటెక్ దాంతోనే మైక్రోవేవ్ చిప్‌లు తయారుచేస్తుంది.

"పరుగే కావాలంటే కాంతి కణాలు, ఫోటాన్లున్నాయి కదా మేడమ్?" అన్నాను.

"ఫోటాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోవు. ఎలక్ట్రాన్లు నెట్టుకుంటాయి. రెండు క్యూబిట్లను ముడివేయడానికి ఆ పేచీయే కావాలి."

2023లో మూడు ఐరోపా బృందాలు ఎలక్ట్రాన్ల జంటలను ఎదురుపడేలా పంపి, ఆ నెట్టుడును కొలిచాయి.

చిక్కూ అక్కడే ఉంది. పక్క ఎలక్ట్రాన్‌ను నెట్టేది చుట్టూ ఉన్న ప్రతి ఆవేశానికీ స్పందిస్తుంది. దాంతో రెండు దారుల్లోని తరంగాల పొందిక చెడుతుంది. చిప్‌ను సంపూర్ణ శూన్య ఉష్ణోగ్రత దరిదాపులకు చల్లబరిచినా ఆ బెడద పూర్తిగా పోదు.

"పంపడం వచ్చింది, అవతల పట్టుకోవడమూ వచ్చింది" అన్నారు మేడమ్. "పొందిక చెడకుండా వరసగా గేట్లు దాటించడం రావాలి. కంప్యూటర్ అనే మాట ఆ తర్వాతే."