జీలం ఒడ్డున డాలియా దుంపలు

మేము కాశ్మీరు లోయలోకి దిగినది నవంబరు నెల మొదటి వారంలో. బనిహాల్ కనుమ కింద ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం దాటి ఖాజీగుండ్ వైపు బయటపడగానే గాలి స్వభావమే మారిపోయింది. అంతవరకు చేతిసంచిలో ఉన్న శాలువాలు భుజాల మీదికి వచ్చాయి. దారి పొడవునా చినార్ వృక్షాలు ఎర్రబారి, ఆకులు రాలుస్తూ ఉన్నాయి. పంపోర్ పొలాలలో కుంకుమపూల కోత ముగింపుకు వచ్చింది. కాశ్మీరు యాత్రను గూర్చి వ్రాసేవారు సాధారణంగా దాల్ సరస్సుతో ఆరంభిస్తారు. మేమూ ఆ సరస్సును చూశాము. దానిని గూర్చి పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినదేదీ మా వద్ద లేదు. మేము చెప్పదలచినది ఒక ఇంటి పెరటిని గూర్చి.

ఆ ఇల్లు శ్రీనగర్‌లోని రాజ్‌బాగ్ ప్రాంతంలో, జీలం నదికి నాలుగడుగుల దూరంలో ఉంది. ముప్పై ఏళ్ళ క్రితం మాతో కలిసి మదరసాలో చదివిన మిత్రుని ఇల్లది. ఆయన ఇప్పుడు అక్కడే ఒక మసీదులో ఇమాముగా ఉన్నారు. విద్యార్థి దశలో ఆయన ఉర్దూ ఉచ్చారణకు మేమూ, మా దక్కనీ మాటలకు ఆయనా నవ్వుకునేవారము. ఇప్పుడు ఆ నవ్వు తరువాతి తరానికి చేరింది. ఉప్పు వేసిన గులాబీరంగు చాయ్‌ని మూడవసారి పోయబోతుంటే మా ఇల్లాలు "నక్కో" అన్నది. ఆ ఇంటి కోడళ్ళు ఆ మాటను వారమంతా వదలలేదు.

మిత్రుని తల్లిగారు ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధురాలు. ఇంటిల్లపాదీ ఆమెను "మౌజీ" అని పిలుస్తారు. కాశ్మీరీలో అమ్మ అని అర్థం. చూపు మందగించినా పెరడు ఆమె అధీనంలోనే ఉన్నది. ఆ పెరటిలో ఒక ప్రక్క హాక్ ఆకుకూర, ముల్లంగి. మరొక ప్రక్క గోడ వెంబడి వరుసగా డాలియాలు. మనిషి భుజమంత ఎత్తు మొక్కలు, ఊతకర్రలకు పాత గుడ్డపేలికలతో కట్టి ఉన్నాయి. కాలం చివరికి వచ్చినందున పూలు తగ్గాయన్నారు. అయినా అన్నం పళ్ళెమంత పూలు పదికి తక్కువ కాకుండా కనిపించాయి. పసుపు, తెలుపు, ఊదా, వాటి నడుమ నల్లద్రాక్ష రంగుకు దగ్గరగా ఉన్న ముదురెరుపు పువ్వు ఒకటి. రేకులు బారులు తీరిన పద్ధతి చూస్తే ఎవరో కూర్చుని మడతపెట్టినట్లే ఉంది. సృష్టికర్త పనితనానికి మనసులోనే స్తుతి పలికాము.

మరునాడు షాలిమార్, నిషాత్ ఉద్యానాలు చూపించారు. అక్కడి పూలమళ్ళలోనూ డాలియాలున్నాయి. సందర్శకులు వాటి ప్రక్కన నిలబడి, మొగలుల కాలపు పూలని చెప్పుకుంటూ ఫొటోలు తీసుకుంటున్నారు. షాలిమార్ తోటకు జహంగీరు కాలంలో, 1619లో అంకురార్పణ జరిగింది. కాశ్మీరు పూలపై ఆయనకున్న మక్కువ అందరికీ తెలిసినదే. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ ఈ లోయలోని పూలను నూరుకు పైగా చిత్రించినట్లు ఆయనే తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నారు. అయితే ఆ చక్రవర్తి డాలియాను చూచి ఉండరు. ఇది మెక్సికో కొండల మొక్క. దీని విత్తనాలు 1789లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ రాజోద్యానానికి చేరాయి. 1791లో కవానిల్లెస్ అనే మతాచార్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, స్వీడన్‌కు చెందిన ఆండర్స్ డాల్ పేరిట దీనికి నామకరణం చేశాడు. తోట పాతది, పువ్వు క్రొత్తది. దానివల్ల తోటకు లోపమేమీ లేదు గానీ, చూపించేవారు నిజం చెబితే ఇంకా బాగుండేదనిపించింది.

నాలుగవ రాత్రి నేలమంచు పడింది. ఫజ్ర్ నమాజుకు వెళ్ళివచ్చేసరికి పెరటిలో తెల్లని పొర పరచుకుని ఉంది. ఎండ పైకి వచ్చేసరికి డాలియా ఆకులన్నీ వేడినీళ్ళు పోసినట్లు నల్లబడి వ్రేలాడాయి. మా ఇల్లాలు మనసు కష్టపెట్టుకున్నది. మౌజీ మాత్రం "వేళ అయింది" అని కాంగ్డీని ప్రక్కన పెట్టి, మనుమడిని పార తెమ్మన్నారు.

కాండాన్ని నేలకు జానెడు ఎత్తున నరికి, మొదలుకు మూరెడు దూరాన చుట్టూ త్రవ్వి, మట్టిగడ్డతో సహా మెల్లగా పైకెత్తాలి. లోపల చిలగడదుంపల గుత్తివంటిది ఉంటుంది. మెడ విరిగితే ఆ దుంప పనికిరాదు. ఇక్కడే డాలియాకూ బంగాళదుంపకూ తేడా. బంగాళదుంపకు ఒంటినిండా కళ్ళే. ఏ ముక్క నాటినా మొలుస్తుంది. డాలియా దుంప ఎంత బలిసినా దాని దేహంలో మొలక ఉండదు. పాత కాండాన్ని అంటుకుని ఉన్న మెడ దగ్గర మాత్రమే ఆవగింజంత కన్ను ఉంటుంది. దుంపలు విడదీసేటప్పుడు ప్రతి ముక్కకూ కాండపు చెక్క కొంచెమైనా అంటి ఉండాలి. మౌజీకి కన్ను కనబడదు. బొటనవేలితో మెడను తడిమి, ఆ బుడిపె తగిలిన చోటు ప్రక్కన కత్తి పెడుతున్నారు. పదిహేను గుత్తులు విడదీస్తే, మనుమడు సరిచూచి తప్పని చెప్పినది ఒక్కటీ లేదు.

విత్తనం ద్వారా పెంచితే సులువు కదా అని అడిగాము. విత్తనం మొలుస్తుంది, కానీ తల్లి పువ్వు రాదు. తోట డాలియా కణంలో క్రోమోజోములు ఎనిమిది వరుసలుగా ఉంటాయి. అందుచేత ఒకే పువ్వు గింజలు పది నాటితే పది విధాల పూలు పూస్తాయి. ఒక రంగు నిలవాలంటే దాని దుంప నిలవాలి, లేదా దాని కొమ్మను వేరు పట్టించాలి. దుంప పోయిన నాడు ఆ పువ్వు లోకంలో లేనట్లే.

ఈ మాట ఆ ఇంటివారికి అనుభవపూర్వకంగా తెలుసు. 2014 సెప్టెంబరు మొదటి వారంలో జీలం పొంగి శ్రీనగర్‌లో సగానికి పైగా ముంచింది. రాజ్‌బాగ్ అత్యధికంగా నష్టపోయిన పేటలలో ఒకటి. డాలియాలు నిండుగా పూసే నెల అది. కింది అంతస్తు మునిగిపోగా కుటుంబం పై అంతస్తుకు ఎక్కింది. అక్కడినుండి పడవ మీద బయటపడింది. నీరు తీసిన తరువాత తిరిగి వస్తే గదులలో మోకాలిలోతు బురద. మిత్రుని గ్రంథాలు ముద్దయిపోయాయి. పెరటిలో పార వేస్తే దుంపలకు బదులు కుళ్ళిన గుజ్జు వచ్చింది.

ముదురెరుపు డాలియాను మౌజీ నూతన వధువుగా బారాముల్లాలోని పుట్టింటి నుండి తెచ్చుకున్నారు. ఆ పుట్టింటి పెరడు ఎన్నడో గదులు కట్టుకునేందుకు పోయింది. అందరూ ఆ పువ్వు కథ ముగిసిందనే భావించారు. తరువాతి ఏప్రిల్‌లో నిషాత్ వైపు కొండవాలులో ఉండే ఒక పరిచయస్తురాలు కాగితంలో చుట్టిన రెండు దుంపలు తెచ్చి ఇచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు మౌజీ ఒక పెండ్లిలో ఆమెకు ఇచ్చిన దుంప సంతతి అవి. ఇచ్చిన సంగతి మౌజీకి గుర్తు లేదట.

నాటినుండి ఆమె ఒక నియమం పెట్టుకున్నారు. ప్రతి శరత్తులో తీసిన దుంపలలో సగం ఇంటిలో ఉండరాదు. మిగిలిన సగాన్ని రెండురోజులు నీడలో ఆరబెట్టి, చెక్కపెట్టెలో పొడి ఇసుకలో పూడ్చి, నీరు గడ్డకట్టని గదిలో ఉంచుతారు. మొదటి సగం పాత వార్తాపత్రికలలో చుట్టి వేరువేరు పేటలకు పంపుతారు. ఒకే వీధిలో ఇద్దరికి ఇవ్వరు. కారణం అడిగితే, వరద వీధి మొత్తానికి వస్తుంది కదా అన్నారు. ఆ ఏడు ముదురెరుపు దుంపలు నాలుగు మా సంచిలోకి చేరాయి.

తిరుగు ప్రయాణంలో మా ఆలోచనంతా వాటి మీదనే. లోయలో డాలియాకు శత్రువు చలి. ఏప్రిల్‌లో నాటి, నవంబరులో తీస్తారు. మన దక్కనులో లెక్క తలక్రిందులు. ఇక్కడ వర్షాలు తగ్గాక నాటితే చలికాలంలో పూస్తుంది. ఎండలు ముదిరే లోపు దుంప తీసి దాచాలి. నర్సరీలో పూలకుండీ కొని, ఫిబ్రవరి దాటగానే పారవేసేవారే మన ఊళ్ళలో ఎక్కువ. ఆ కుండీలో దుంప ఉంటుందని చాలామందికి తెలియదు. పైగా అప్పుడే తీసిన దుంపకు విశ్రాంతి కావాలి. నవంబరులో తెచ్చి నవంబరులో నాటితే మొలవదు. కాబట్టి మా నాలుగు దుంపలూ కడప వేసవిని దాటవలసి ఉన్నది. మే నెలలో అక్కడ 42, 43 డిగ్రీలు సామాన్యం.

మౌజీ పద్ధతినే పాటించాము. రెండు దుంపలు కడపలో, మట్టికుండలో ఇసుక మధ్య, త్రాగునీటి కూజా ప్రక్కన. రెండు దుంపలు మదనపల్లెలో ఉన్న మా ఆపా ఇంటికి. సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కనుక అక్కడ రాత్రులు చల్లబడతాయి. మే నెలాఖరుకు కడప దుంపలలో ఒకటి శొంఠికొమ్మువలె ఎండింది, రెండవది బూజుపట్టింది. మదనపల్లెలోనూ ఒకటి పోయింది. మిగిలిన ఒక్కటి జూన్ జల్లులకు ఎర్రని మొలక వేసింది.

ఆపా ఆ మొలకలను మూడంగుళాలు పెరగనిచ్చి, కొన్నింటిని కణుపు క్రింద కోసి తడి ఇసుకలో గుచ్చారు. ఆరు గుచ్చితే నాలుగు వేరు పట్టాయి. ఒకటి మా ఇంటికి వచ్చింది. రెండవది మా మదరసాలో తజ్వీద్ బోధించే హాఫిజ్ గారి ఇంటికి, మూడవది మా వీధి చివర తమలపాకుల కొట్టు వారి మిద్దెపైకి, నాలుగవది ప్రొద్దుటూరులోని మా వియ్యంకుల పెరటికి వెళ్ళాయి.

గత వారం శ్రీనగర్ నుండి ఫోను వచ్చింది. దుంపలు బ్రతికాయా అని మౌజీ అడుగుతారని సిద్ధంగా ఉన్నాము. ఎన్ని ఇళ్ళలో ఉన్నదని అడిగారు. తల్లిమొక్కతో కలిపి ఐదు ఇళ్ళలో అని చెప్పాము. మదనపల్లె మొక్కకు మొగ్గలు వచ్చాయి, ఇంకా పచ్చగానే ఉన్నాయి. మన ఎండకు ఆ ముదురు రంగు కొంత వెలిసిపోవచ్చునని ఆపా అంటున్నారు.