ఆ నాలుగో సీడీ

కంప్యూటర్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. గోడ గడియారమేమో అనుకున్నారు సిద్దిపేటలోని ఆ రిటైర్డు తెలుగు సారు. 2021 వానాకాలం అది. ఆపి మళ్లీ ఆన్ చేశారు. మళ్లీ ఆపారు. నాలుగైదుసార్లయ్యాక మానిటర్ మీద ఒక ఇంగ్లిషు వాక్యం తప్ప ఏమీ రాలేదు. హార్డ్ డిస్క్ అలా చప్పుడు చేస్తుంటే వెంటనే కరెంటు తీసేయాలి. ఆన్ చేసినకొద్దీ దెబ్బ పెరుగుతుంది. ఆ సంగతి ఆయనకు తర్వాతెప్పుడో తెలిసింది.

అందులో ఉన్నవి పాటలు. తొగుట, దుబ్బాక, చిన్నకోడూరు మండలాల్లో ఇరవై ఏళ్లు తిరిగి, ముసలమ్మల పక్కన అరుగుల మీద కూర్చుని రాసుకున్న బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు. 2005లో కంప్యూటర్ కొన్నాక రెండు వేళ్లతో టైపు చేసుకున్నారు. మరి నోటుబుక్కులో? అన్నీ ఎక్కాయి కదా అని, చెదలు పట్టినవాటిని పారేశారు!

చెప్పేవాళ్లు లేక కాదు. 2019 మేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లకు తాళాలేసి హ్యాకర్లు డబ్బు అడిగారన్న వార్త వచ్చింది. విడిగా దాచిన కాపీలు ఉండబట్టి ఆ సంస్థలు తేరుకున్నాయి. ఆ రోజే హైదరాబాద్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు.

"బాపూ, నీ పాటలు ఇంకోదాంట్ల కాపీ చేసి పెట్టుకో."

"నా పాటలెవడెత్తుకపోతడ్రా?"

ఎవరూ ఎత్తుకుపోలేదు. డిస్కే పోయింది.

సజ్జ మీద వెతికితే, ఎప్పుడో డీటీపీ సెంటర్ కుర్రాడు రాసిచ్చిన నాలుగు సీడీలు దొరికాయి. ప్రాణం లేచొచ్చింది. కొడుకు ల్యాప్‌టాప్‌లో మొదటిది పెడితే ఫైలు తెరుచుకుంది కానీ, నిండా ఇంగ్లిషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు. ఒక్క తెలుగు ముక్క లేదు.

ఆ కుర్రాడికిప్పుడు జుట్టు నెరిసింది. చూసి నవ్వాడు. "పాటలు యాడికి పోలేదు సార్. ఫాంట్ లేదు, గంతే."

తెలుగువాళ్లకు మాత్రం తెలిసిన బాధ ఇది అనలేం కానీ, మనకు బాగా తెలిసిన బాధ. ఆ రోజుల్లో డీటీపీల్లో వాడిన అను వంటి ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు. ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు చూపిస్తుందంతే. ఫాంట్ లేకపోతే వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. ఎంతమంది పుస్తకాలు, ఎన్ని ఊళ్ల చరిత్రలు ఇలా పాత సీడీల్లో మూగగా పడి ఉన్నాయో!

డీటీపీ సెంటర్లో ఇంటర్నెట్ తగిలించని పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి ఇంకా బతికే ఉంది. దానిమీద పాటలన్నీ తెరిచి, ముందు పీడీఎఫ్‌లు చేశారు. తర్వాత యూనికోడ్‌లోకి మార్చారు. వత్తులు తారుమారయ్యాయి. సారు కొన్ని నెలలు కూర్చుని దిద్దుకున్నారు.

ఇప్పుడాయన దగ్గర రెండు బయటి డిస్కులున్నాయి. ఒకటి ఇంట్లో. ఆదివారం కాపీ అవగానే తీగ పీకేస్తారు, ఎందుకంటే తగిలించి ఉంచితే వైరస్ దానికీ తాళమేస్తుంది. రెండోది కరీంనగర్‌లో కూతురి బీరువాలో. అప్పుడప్పుడూ వేరే కంప్యూటర్‌లో ఓ పాట తెరిచి చదివి చూస్తారు. తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టేనని ఆయనకిప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

నాలుగో సీడీ మాత్రం చదవలేదు. పైపూత పొరలు లేచింది. అందులోవి వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ పాటలు. మళ్లీ వెళ్లి రాసుకుందామంటే ఆ ఊళ్లు లేవు. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైన 50 టీఎంసీల మల్లన్నసాగర్‌లో మునిగాయి.

సారు బస్సెక్కి గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి వెళ్లారు. గల్లీ గల్లీ అడిగితే, అప్పట్లో పాడినవాళ్లలో ఒకావిడ కనిపించింది. చెవులు సరిగా వినపడవు. "పాట యాదికున్నదా అక్కా?" అంటే చాలాసేపు ఆలోచించి రెండు చరణాలు పాడింది. మూడోది రాలేదు. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు. ఆవిడ మంచినీళ్లు తేవడానికి లోపలికెళ్లి వచ్చేలోగా, దాన్ని కూతురికి, కొడుక్కి పంపేశారు.