మెమరీ కార్డులో మూడు పాటలు

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వండర్రా అని వార్డెన్ మేడం అడిగినప్పుడు మా రూములో నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హాస్టల్ జ్ఞాపకాలు ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నీళ్ల ట్యాంకు గురించి, ఆదివారం చికెన్ గురించి మాకంటే బాగా రాసిన సీనియర్లున్నారు. అందుకని మేం ఒక కచేరీ గురించి రాస్తున్నాం. అది మన దేశంలో జరిగింది కాదు. మేం వెళ్లి చూసిందీ కాదు. ఒక చిన్న ఫోన్లో, నలుగురం ఒకే మంచం మీద కూర్చుని చూసింది.

ముందు మెమరీ కార్డు గురించి చెప్పాలి. డిగ్రీ చదివేటప్పుడు మా రూములో ఒక అక్క ఉండేది. పీజీ చేస్తుండేది. ఆమె దగ్గర 2 జీబీ మెమరీ కార్డు ఒకటి ఉండేది. అందులో సినిమా పాటలు, క్రిస్మస్ పాటలు, అంబేద్కర్ జయంతికి పాడే పాటలు, చివర్న 'ఇంగ్లిష్' అని ఒక ఫోల్డరు. ఆ ఫోల్డర్లో ఉన్నవి మూడే పాటలు. 'కాంప్లికేటెడ్', 'స్కేటర్ బాయ్', 'ఐయామ్ విత్ యూ'. మూడూ ఒకామె పాడినవే. "రోజూ వినండే, నోరు తిరుగుతుంది" అనేది అక్క. ఆమె కూడా ఇంగ్లిషు పలకడం నేర్చుకోవడానికే వాటిని పెట్టుకుంది. ఫోన్ తెర మీద కనిపించే గాయని పేరును మేం చాలాకాలం 'అవ్రిల్ లావిగ్నే' అనే చదువుకున్నాం. ఎవ్రిల్ లవీన్ అనాలని తర్వాతెప్పుడో తెలిసింది.

ఈమెది కెనడా. ఆంటారియో రాష్ట్రంలో నపనీ అనే చిన్న ఊళ్లో పెరిగింది. చిన్నప్పుడు చర్చిలో పాడింది, ఊళ్లో సంబరాల్లో పాడింది. 1999లో ఒక రేడియో పోటీలో గెలిచి, షనాయా ట్వైన్ అనే పెద్ద గాయని పక్కన ఒట్టావాలో ఒక పాట పాడే అవకాశం సంపాదించుకుంది. అప్పటికి పద్నాలుగేళ్లు. 2002 జూన్‌లో 'లెట్ గో' అనే మొదటి ఆల్బం వచ్చింది. అది కోటికి పైగా అమ్ముడుపోయింది. మాలో ముగ్గురం పుట్టింది కూడా ఆ ఏడాదే.

పంక్ అంటే 1970ల్లో న్యూయార్క్, లండన్ నగరాల్లో పుట్టిన కోపం పాట. గిటారు గబగబా కొట్టడం, గొంతు చించుకోవడం, సంగీతం గొప్పగా రాకపోయినా లెక్కచేయకపోవడం దాని లక్షణాలు. ఆ గిటారు వేగానికి, కూనిరాగం తీసుకోగలిగే వరస కలిపితే పాప్ పంక్. ఎవ్రిల్ వదులు ప్యాంటు వేసుకుని, బనీను మీద మగపిల్లల టై కట్టుకుని పాడింది. పొట్టి బట్టల్లో డాన్సు చేసే గాయనులు వెలిగిపోతున్న కాలంలో ఆడపిల్లలకి అది కొత్తగా కనిపించింది. కానీ పెద్దవాళ్లు ఒకటే పాట పట్టుకున్నారు: ఈ పిల్ల నిజంగా పంకేనా, వేషమా? తమాషా ఏమిటంటే, ఆమెకి పేరు తెచ్చిన 'కాంప్లికేటెడ్' పాట, నలుగురిలో ఉన్నప్పుడు వేషం వేసే ఒక అబ్బాయిని మామూలుగా ఉండమని కోరే పాట.

2003 జనవరిలో న్యూయార్క్‌లో గ్రామీ అవార్డుల నామినేషన్లు చదవమని ఆమెను పిలిచారు. జాబితాలో డేవిడ్ బోవీ పేరుంది. రాక్ సంగీతంలో అంత పెద్ద పేరు మరొకటి వెతుక్కోవాలి. ఆమె దాన్ని 'బౌవీ' అని చదివింది. ఇక చూడండి, రాక్ పాడే పిల్లకి బోవీ పేరు పలకడం రాదా అని ఎన్నేళ్లో నవ్వారు. ఇది చదివిన రోజు మాలో ఒకరు చాలాసేపు మాట్లాడలేదు. పీజీ మొదటి సెమినార్లో మాలోనే ఒకరు ఫూకో అనే ఫ్రెంచి మేధావి పేరును 'ఫౌకాల్ట్' అని చదివారు. పుస్తకంలో అక్షరాలు అలాగే ఉన్నాయి మరి. క్లాసంతా నవ్వింది. పాఠం చెప్పే సారూ నవ్వారు. ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివి, నోట్సు రాసుకుని వెళ్లిన సెమినారది. అందులో ఏం చెప్పామో ఎవరికీ గుర్తులేదు. 'ఫౌకాల్ట్' మాత్రం సెమిస్టరంతా మా పేరైంది.

ఎవ్రిల్‌కి ఆ తర్వాత కూడా సుఖం లేదు. మొదటి ఆల్బంలో పాటలు రాసిన 'ది మ్యాట్రిక్స్' అనే ముగ్గురి బృందం, వాటిలో ఎక్కువ భాగం తమదేనని 2003లో పత్రికకి చెప్పింది. కాదు, కలిసే రాశామని ఆమె అంది. గ్రామీలకి ఎనిమిదిసార్లు నామినేషన్ వచ్చింది, ఒక్కటీ చేతికి రాలేదు. వీటన్నిటినీ మించింది ఇంకొకటుంది. అసలు ఎవ్రిల్ ఎప్పుడో చనిపోయిందనీ, ఆమె స్థానంలో మెలిస్సా అనే పోలికలున్న అమ్మాయిని పెట్టారనీ ఒక పుకారు. 2011లో బ్రెజిల్ నుంచి ఇంటర్నెట్‌లో పాకింది. పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టి పుట్టుమచ్చలు లెక్కపెట్టారు, చేతిరాతలు పోల్చారు. టై తీసేసి గులాబీరంగు వేసుకుంది కాబట్టి ఆమె ఆమె కాదట!

మాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత, మాలో ఒకరు సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు జరిగింది గుర్తొచ్చింది. జడ కత్తిరించుకుని, బ్యాగు తగిలించుకుని వీధిలోకి వస్తే అరుగు మీద ఆడవాళ్లు "ఎవరమ్మాయివే?" అన్నారు. పేరు చెప్పినా నమ్మినట్టు చూడలేదు. చూపు తగ్గిన నాయనమ్మ దగ్గరికి తీసుకుని మొహం తడిమింది. మోకాలి మీద చిన్నప్పటి కొడవలి మచ్చ తడిమింది. "మచ్చ మా పిల్లదే, మాట మా పిల్లది కాదు" అంది. ప్రేమగానే అంది. కాలేజీలో మేం ఇంకా ఊరివాళ్లం, ఊళ్లో అప్పుడే కాలేజీవాళ్లం. ఇందులో అసలు మేమెవరమో చెప్పమని ఎవరైనా అడిగితే ఏ మచ్చ చూపించాలి?

సరే, కచేరీ దగ్గరికొద్దాం. మధ్యలో ఆమెకి లైమ్ జబ్బు చేసింది. పురుగు కాటు వల్ల వచ్చేది. నెలల తరబడి మంచం పట్టింది. ఆ సంగతి 2015లో బయటపెట్టింది. అలాంటి మనిషి 2024 మేలో కెనడాలోని వాంకూవర్‌లో మొదలుపెట్టి 'గ్రేటెస్ట్ హిట్స్' అనే యాత్ర చేసింది. ఇరవై రెండేళ్లలో జనం మెచ్చిన పాటలన్నీ ఒకే రాత్రి పాడటం దాని పద్ధతి. చాలా ఊళ్లలో 'సింపుల్ ప్లాన్' అనే మరో కెనడా బృందం ఆమెకి ముందు పాడింది. వాళ్ల మొదటి ఆల్బమూ 2002దే. యాత్ర 2025లోనూ సాగింది.

మేం చూసింది 2024 జూన్ 30న ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ఆమె పాడిన పాటల ముక్కలు. పీజీలో చేరాక, స్టడీ అవర్ అయిపోయాక, నలుగురి డేటాలో ఎవరిది మిగిలితే వారిదాంతో చూశాం. ఆ ఉత్సవం జరిగేది ఆవుల్ని పెంచే ఒక పాడి పొలంలో. ఆమెకిచ్చింది అక్కడి రెండో స్టేజీ. జనం ఆ మైదానం పట్టక చుట్టూ పొంగిపోయారు. పెద్ద స్టేజీ ఇవ్వాల్సిందని చాలామంది అన్నారు. అదే రోజు పెద్ద స్టేజీ మీద పాడిందెవరో తెలుసా? షనాయా ట్వైన్. పాతికేళ్ల క్రితం పక్కన నిలబెట్టుకుని పాడించినావిడే.

మెచ్చుకోనివాళ్ల మాట కూడా మాకు అర్థమవుతుంది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి స్కూలు పిల్లల ప్రేమ గొడవ పాడితే కొంచెం వింతగానే ఉంటుంది. పాత పాటలు పాడి పాత రోజులు అమ్ముకోవడమేగా అంటే, కొంత నిజమే. కానీ ఆ వీడియోలో మేం ఆమెకంటే జనాన్నే ఎక్కువ చూశాం. మెడలో టై కట్టుకొచ్చిన ఆడవాళ్లు. ముప్పై దాటినవాళ్లు. కళ్లు మూసుకుని ఒక్క మాట తప్పకుండా పాడుతున్నారు. పంకా కాదా, ఎవరు రాశారు, పేరు ఎలా పలికింది అని వాళ్లలో ఎవరూ ఆగి అడుగుతున్నట్టు లేదు. పన్నెండేళ్ల వయసులో తలుపేసుకుని విన్న పాట అది, వాళ్లది. మాకైతే అసూయ కలిగింది. మా పన్నెండేళ్లప్పుడు ఆ పాటలు మా దగ్గరికి రాలేదు. మాకవి అక్క ఇచ్చినవి.

ఆ రాత్రే అక్కకి ఫోన్ చేశాం. ఆమె పీజీ రెండో సంవత్సరం మధ్యలో పెళ్లయి వెళ్లిపోయింది. ఇంకా పేపర్లు మిగిలే ఉన్నాయి. "ఆ పాటలా? నాకు గుర్తు లేవే" అంది. కాసేపు ఆగి, "ఆమెకిప్పుడు ఎన్నేళ్లు?" అంది. నలభై అని చెప్పాం. "ఇంకా పాడుతోందా?" అంది. ఆ తర్వాత ఫోన్లో చిన్నగా కూనిరాగం వినిపించింది. రెండు వరసలు. ఇంతలో పాప లేచి ఏడ్చింది, పెట్టేసింది. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ మెసేజ్ పెట్టాం. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

కార్డు ఇంకా మా ట్రంకుపెట్టెలోనే ఉంది. జూనియర్లకి ఇద్దామంటే, వాళ్ల ఫోన్లలో అది పట్టే చోటే లేదు.

పోయిన వార్షికోత్సవంలో మేం నలుగురం 'ఐయామ్ విత్ యూ' పాడాం. వాయిద్యాలు లేవు, మైకు రెండుసార్లు కూసింది. వెనక వరసల్లో పిల్లలు మొదట నవ్వారు, తర్వాత ఊరుకున్నారు. చప్పట్లు పడ్డాయిగానీ, ఎక్కువ పాట అయిపోయినందుకే కావచ్చు. దిగి వస్తుంటే వంటగది గుమ్మంలో నిలబడి విన్న వంటమ్మ ఆపింది.

"ఏడుపు పాటా అమ్మా అది?"

రాత్రిపూట వానలో, చలిలో ఒకమ్మాయి ఇంటికి తీసుకెళ్లేవాళ్ల కోసం ఎదురుచూస్తుంటుందని చెప్పాం.

"చివరికెవరన్నా వచ్చారా?"

పాటలో ఆ సంగతి లేదన్నాం.

"సరేలే, మీరు రండి. అన్నం చల్లారిపోతోంది" అంది.