అమ్మీ అడిగిన సవాల్

గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆపరేషన్ ఖాయమైన రోజు, ఎల్బీనగర్‌కి తిరిగొచ్చే మెట్రోలో అమ్మీ ఒక్క మాటా మాట్లాడలేదు. మగ్‌రిబ్ నమాజ్ అయ్యాక అడిగింది: "బేటా, బేహోష్‌గా ఉన్నప్పుడే మౌత్ వస్తే కలిమా ఎలా చదవాలి? మత్తు లేకుండా కొయ్యరా?"

నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ వాఖియా చెప్పింది అమ్మీయే. కాలు కుళ్లితే తీసేయాల్సి వచ్చింది. మత్తు ఇస్తామంటే ఆయన వద్దన్నారనీ, అల్లాహ్ జిక్ర్‌లో ఉండగానే రంపంతో కోశారనీ రివాయత్.

"ఆయన సబ్ర్ ఆయనది అమ్మీ, మిగతావాళ్ల సంగతి విను" అన్నాను. 1846లో అమెరికాలో ఈథర్, మరుసటి ఏడు క్లోరోఫామ్ వచ్చేదాకా మనుషుల్ని గట్టిగా పట్టుకునే కోసేవారు. సర్జన్ హునర్ అంతా వేగంలోనే. లండన్‌లో లిస్టన్ మూడు నిమిషాల్లోపే కాలు తీసేవాడు. 1811లో పారిస్‌లో ఫానీ బర్నీ అనే రచయిత్రికి మెలకువగా ఉండగానే రొమ్ము తీశారు. నెలల తర్వాత అక్కకి అదంతా ఖత్‌లో రాసింది గానీ, రాసింది తిరిగి చదువుకునే హిమ్మత్ ఆమెకి లేకపోయింది.

మన ఊరి సంగతీ చెప్పాను. అదే మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్తే మూసీ అవతల అఫ్జల్‌గంజ్. అక్కడి దవాఖానా పెద్ద డాక్టర్ లారీ, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888, 1889లో క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. ఊపిరి మీద నజర్ పెట్టండి, గుండెకి ఖత్రా లేదన్నాడు. గుండె కూడా ఆగొచ్చని తర్వాత తేలింది. అక్కడే రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ డాక్టరమ్మ రోగులకి క్లోరోఫామ్ ఇచ్చేవారు. ఇప్పుడు క్లోరోఫామ్ లేదు. మత్తు డాక్టర్ ఊపిరినీ గుండెనీ రెంటినీ కనిపెట్టుకుని ఉంటారు.

"అల్లాహ్ ప్రతి మర్జ్‌కీ దవా దింపాడని మన నబీ చెప్పలేదా అమ్మీ? నొప్పి తెలియకపోవడం కూడా నేమతే."

అమ్మీ చాలాసేపు తస్బీహ్ తిప్పింది. ఆపరేషన్ రోజు లోపలికి తీసుకెళ్లేముందు మత్తు డాక్టర్‌నే అడిగింది, నిద్ర పట్టేదాకా కలిమా చదువుకోవచ్చా అని. "చదువుకోండమ్మా, నేను పక్కనే ఉంటా" అన్నారాయన.

బయట బెంచీ మీద కూర్చుని నేనూ చదువుతూనే ఉన్నాను. మత్తు లేని రోజుల్లో ఇలా బయట కూర్చున్న కొడుకులకి ఏమేం వినపడేదో!

అల్‌హందులిల్లాహ్, సాయంత్రానికి అమ్మీ కళ్లు తెరిచింది. మొదట అడిగింది నొప్పి గురించి కాదు.

"అసర్ అయిపోయిందా?"