ఖాళీ చేసే పని

మా కంప్యూటర్ల లోకంలో ఒక పనికి హౌస్ కీపింగ్ అని పేరు. ఆఫీసు నేల తుడిచే అక్కలు చేసే పనికీ అదే పేరు, సర్వర్ల డిస్కులు ఖాళీ చేసే మా పనికీ అదే పేరు. పెట్టినవాళ్లెవరో గానీ నిజాయితీగానే పెట్టారు. రెండూ చేస్తే ఎవరికీ కనపడవు, చేయకపోతే అందరికీ కనపడతాయి. అంట్లగిన్నెల కథే మళ్లీ చెబుతోంది అనుకుంటారేమో. ఆ కథేనని ఒప్పుకుంటాను. కాకపోతే ఈ గిన్నెల్లో ఏమున్నాయో చూడకుండా కడిగేస్తే ఏమవుతుందన్నది ఈమధ్య దగ్గరగా చూశాను. అందుకే రాస్తున్నాను.

మా టీంలో తొమ్మిదిమందిమి, ముగ్గురం ఆడవాళ్లం. కొత్త సర్వీసులు కట్టే పని ఎవరెవరికో వెళుతుంది. డిస్కు నిండుతోందని రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచే వంతుల పట్టికలో మాత్రం మా ముగ్గురి పేర్లే తరచుగా కనిపిస్తాయి. 'మీరైతే జాగ్రత్తగా చేస్తారు' అంటారు. పొగడ్తే! ఏడాది చివర ఇచ్చే ఫారంలో 'ఈ సంవత్సరం మీరు ఏం నిర్మించారు?' అని ఒక గడి ఉంటుంది. 'ఏం కూలిపోకుండా చూశారు?' అనే గడి ఇంతవరకు చూడలేదు.

ఇక్కడ కొంచెం సాంకేతికం చెప్పక తప్పదు. సాహిత్యం చదవడానికి ఈ పత్రిక తెరిచినవాళ్లు ఓపిక పట్టాలి. ఎందుకంటే నేను చెప్పబోయే నష్టం ఆ వివరాల్లోనే జరిగింది.

కంటైనర్ అంటే ఒక ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సరంజామా మొత్తాన్నీ కలిపి కట్టిన మూట. 2013లో డాకర్ అనే సాధనం వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆ మూటకు మూలమైనదాన్ని ఇమేజ్ అంటారు. అది పొరలు పొరలుగా ఉంటుంది. పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి మా అమ్మ కుట్టే బొంత లాంటిదన్నమాట. కింది పొరలో పెట్టిన ఫైలును పై పొరలో చెరిపేస్తే అది కనపడకుండా పోతుంది గానీ, డిస్కు మీద దాని చోటు దానికే ఉంటుంది. బొంతలో మరకపడ్డ చీర మీద ఇంకో చీర వేసి కుట్టినట్టే. మరక కనపడదు, బొంత బరువు మాత్రం తగ్గదు. ఇంత చిన్న ప్రోగ్రాముకు ఇన్ని గిగాబైట్ల ఇమేజ్ ఏమిటని ఆశ్చర్యపోయే పిల్లలకు నేను ఈ బొంత గురించే చెబుతాను.

కంటైనర్ నడవడం మొదలవగానే ఆ బొంత మీద ఒక పలచని దుప్పటి పరుస్తారు. ప్రోగ్రాము కొత్తగా రాసేదంతా, వేరే ఏర్పాటు చేయకపోతే, ఆ దుప్పటి మీదే పడుతుంది. కంటైనర్‌ను ఆపితే దుప్పటి అలాగే ఉంటుంది. కంటైనర్‌ను తీసేస్తే దానితోపాటే పోతుంది. నిలవుండాల్సిన సరుకును వాల్యూమ్ అనే వేరే అరలో పెట్టాలి. కంటైనర్లు వచ్చినా పోయినా ఆ అర ఉంటుంది. డిస్కు మీద కాకుండా మెమరీలోనే ఉంచే టెంప్‌ఎఫ్‌ఎస్ అనేది ఇంకొకటి ఉంది. ఆపగానే ఏమీ మిగలకూడని వాటికి అది పనికొస్తుంది.

దుప్పటి పలచనిదే గానీ దానికి హద్దు ఉండదు, మనం పెడితే తప్ప. డాకర్‌లో మామూలుగా లాగ్‌లు రాసే పద్ధతికి కూడా ఇంతకు మించి పెరగకూడదన్న నియమం దానంతటది రాదు, మనమే పెట్టాలి. అందుకని ఎక్కడో ఒక ప్రోగ్రాము రాత్రంతా ఒకే ఫిర్యాదును లక్షసార్లు రాసుకుంటూ పోతుంది, తెల్లారేసరికి డిస్కు నిండుతుంది. ఒక తమాషా కూడా ఉంది. తెరిచి పట్టుకున్న ఫైలును మనం చెరిపేసినా, పట్టుకున్న ప్రోగ్రాము వదిలేదాకా ఆ చోటు ఖాళీ కాదు. చనిపోయిన తాత పేరు మీదే ఇంకా నడుస్తున్న పట్టా లాంటిది. కుబర్నెటీస్ వంటి పెద్ద ఏర్పాట్లలో ఈ కాపలా యంత్రమే కాస్తుంది. మనం మార్చకపోతే, ఇమేజ్‌లుండే డిస్కు 85 శాతం నిండగానే వాడని ఇమేజ్‌లను తీసేయడం మొదలుపెట్టి 80 శాతానికి తెస్తుంది. అసలు డిస్కులో ఖాళీ పదిశాతం కంటే తగ్గితే నడుస్తున్నవాటినే బయటకు పంపుతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న మాట ఎవిక్షన్. అద్దె ఇల్లు ఖాళీ చేయించడానికి వాడే మాటే.

ఇక నష్టం సంగతి. మాది సంగారెడ్డి జిల్లా రాయికోడ్. 2016 దాకా మెదక్ జిల్లా. కన్నడమూ ఉర్దూ కలిసిన మా తెలుగును హైదరాబాదులో అనుకరించి నవ్వుతారు గానీ, ఆ తెలుగులో పాటలు మాత్రం పుట్టెడున్నాయి. కలుపు తీసేటప్పుడు పాడేవి, విసుర్రాయి తిప్పుతూ పాడేవి, పెండ్లిలో వియ్యపురాలిని ఆడిపోసుకునేవి. కొన్నేళ్ల కింద ఒక సంస్థ తరఫున ఇద్దరు అమ్మాయిలు మా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఈ పాటలు ఫోన్లలో రికార్డు చేశారు. మా మేనత్త పాడింది. ఆమె కంటే పెద్దది, మాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామె, మూడు మధ్యాహ్నాలు కూచుని పాడింది. అమ్మాయిలు ప్రతి సాయంత్రం పాటల్ని సంస్థవారి సర్వర్‌కు పంపి, ఫోన్లో చోటు చాలక అక్కడివి చెరిపేసేవాళ్లు. పంపినట్టు తెరమీద ఆకుపచ్చ గుర్తు కనపడేది మరి.

ఆ పాటలు వెళ్లి పడిన చోటు కంటైనర్ లోపల ఒక ఫోల్డరు. దాని పేరే టెంప్. అక్కడినుంచి వాటిని వేరే రూపంలోకి మార్చి శాశ్వతమైన అరలోకి పంపే రెండో మెట్టు ఒకటి ఉండాలి. దాన్ని రాయాల్సిన వ్యక్తి మధ్యలో ఉద్యోగం మారాడు. మొదటి మెట్టు బాగానే పనిచేస్తోంది కాబట్టి రెండోది లేదని ఎవరికీ తెలియలేదు. ఒకరోజు డిస్కు నిండి కంటైనర్ ఆగిపోయింది. దాని పక్కనే కొత్తది నిలబెట్టారు. ఆగిన కంటైనర్ మామూలు జాబితాలో కనపడదు, ప్రత్యేకంగా అడిగితేనే చూపిస్తుంది. కొన్ని వారాలు పాటలన్నీ కడుపులో పెట్టుకుని అది అక్కడే ఉంది. ఎవరైనా ఒక్క ఆజ్ఞతో వాటిని బయటకు తీయగలిగేవారు. డిస్కు మళ్లీ నిండినప్పుడు ఎవరో డాకర్ సిస్టమ్ ప్రూన్ అని కొట్టారు. ప్రూన్ అంటే చెట్టు కొమ్మలు కత్తిరించడం. ఆగిపోయిన కంటైనర్లనీ, ఎవరూ వాడని ఇమేజ్ ముక్కలనీ అది ఊడ్చేస్తుంది. వాల్యూమ్‌లను ప్రత్యేకంగా చెబితే తప్ప ముట్టదు. పాటలు వాల్యూమ్‌లో లేవు.

నేను ఆ ఊరిదాన్ని, పైగా ఇదే పని చేస్తాను కాబట్టి చూసిపెట్టమన్నారు. చూసేటప్పటికి ఆ చోటు మీద కొత్త రాతలు పడిపోయాయి. ఆ రోజు తెర మీది అక్షరాలను ఎవరో దాచి ఉంచితే చదివాను. తీసేసిన కంటైనర్ల పొడుగాటి సంఖ్యలు, చివర్లో తిరిగి వచ్చిన మొత్తం చోటు ఇన్ని గిగాబైట్లు అని ఒక వాక్యం. ఎంత చోటు వచ్చిందో చెబుతుంది. ఏం పోయిందో చెప్పదు. ఆ ఆజ్ఞ కొట్టిన మనిషిని నేను తప్పుపట్టలేను. అర్ధరాత్రి లేపి ఖాళీ చెయ్యమన్నారు, చేశాడు. అతనికి ఆ ఫోల్డరు పేరు చెప్పి ఉన్నా 'టెంపే కదా' అనేవాడు.

మేనత్తకు ఫోన్ చేసి చెప్పాను. 'నా పాటలకేంది బిడ్డా, మల్ల పాడుత. గని పెద్దమ్మ పాడినయి నాకు రావు. ఆమె ఉన్నప్పుడు నేర్సుకోకపోతి' అన్నది. పెద్దమ్మ 2021లో పోయింది.

అప్పటినుంచి ఈ 'తాత్కాలికం' అనే మాట దగ్గరే నా ఆలోచన ఆగుతోంది. ఒక వస్తువు తనంతట తాను తాత్కాలికం కాదు. ఎవరో దానికి ఆ పేరు పెట్టి, ఆ అరలో పడేస్తారు. మా వైపు ఆడపిల్ల పుడితే 'ఈడ పిల్ల గాదు, ఆడ పిల్ల' అంటారు. మాటలతో ఆడుకున్నట్టే ఉంటుంది గానీ ఇంట్లో ఆమె చోటేదో అక్కడే తేలిపోతుంది. చదువుకు పెట్టే ఖర్చునుంచి పొలం కాగితాలదాకా మిగిలినవన్నీ దానివెంట వస్తాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనలో చాలామంది చదివే ఉంటారు. సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు, 1951లో అది ఆగిపోయాక తమను ఇళ్లకు వెళ్లిపొమ్మన్న తీరు అందులో చెప్పుకున్నారు. పోరాటం నడిచినన్నాళ్లూ వాళ్లు అవసరమే. వాళ్లను ఏ అరలో ఉంచారో ఆగిన తర్వాత గానీ తెలియలేదు.

చంద్రుడి మీద మనిషి నడిచిన 1969 నాటి సంకేతాలను నేరుగా పట్టిన అసలు టేపులను కూడా, కొత్త టేపులకు కరువొచ్చిన రోజుల్లో చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని నాసా 2009లో చెప్పింది. టీవీలో వచ్చిన బొమ్మలు మిగిలాయి కాబట్టి సరిపోయింది. రాయికోడ్ పాటలకు టీవీ లేదు.

దీనికి తిరగబడ్డ కథ మా పక్కనే ఉంది. ఝరాసంగం మండలం మాచునూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత స్త్రీలు, 1998 నుంచే రేడియో కార్యక్రమాలు తయారుచేయడం మొదలుపెట్టారు. ప్రసారం చేయడానికి లైసెన్సు లేదు. గాలి తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతించే విధానం 2006లో గానీ రాలేదు. అన్నేళ్లూ వాళ్లు పంటలమీదా, మందులమీదా, పాటలమీదా క్యాసెట్లు నింపుతూనే పోయారు. సంఘాల మీటింగుల్లో వేసుకుని విన్నారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. ఆ 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంతే వచ్చి ప్రారంభించారు. ప్రసారం చేసే దారి లేనప్పుడు పదేళ్లపాటు క్యాసెట్లు నింపి దాచడం, బయటనుంచి చూసేవాళ్లకు వృథా పనిలా కనిపించి ఉండాలి. ఇవి నిలవుండాల్సినవని పాడినవాళ్లే అనుకున్నారు, పాడినవాళ్లే దాచారు.

మా అమ్మ విత్తనాల దగ్గర చేసేదీ అదే. జొన్న చేను నిలబడి ఉండగానే నడుస్తూ మంచి కంకులు చూసుకుంటుంది. కోతకు ముందే అవి వేరు. తినే గింజ గుమ్మిలోకి పోతుంది, అది ఖాళీ కావడానికే ఉంది. విత్తే గింజ బూడిద కలిపి, వేపాకు వేసి, మూతికి పేడ మట్టి అలికిన కుండలో. కరువొచ్చి గుమ్మి అడుగు కనపడినా ఆ కుండ తెరవదు. మా నాన్న ఒకసారి తెరవమన్నాడని, ఆమె పక్కింటి నుంచి రెండు శేర్లు బదులు తెచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చోటు చాలనప్పుడు తీసుకునే నిర్ణయం కాదది. పంట చేతికి రాకముందే అయిపోయిన నిర్ణయం, చేసినది ఆమె. కోపం వచ్చినప్పుడల్లా మా టీం మీటింగులో ఈ కుండ సంగతి చెబుదామనుకుంటాను, పల్లెటూరి కథలంటారని ఊరుకుంటాను. బదులుగా వాళ్ల భాషలోనే చెప్పాను. ప్రతి కంటైనర్‌కూ రాసే చోటుకు హద్దు పెట్టాలని, లాగ్‌లకు పరిమాణం కట్టాలని, మనుషులనుంచి వచ్చేది ఏదైనా మొదటి మెట్టులోనే వాల్యూమ్‌లో పడాలని, అక్కడ భద్రంగా పడ్డాకే ఆకుపచ్చ గుర్తు వెలగాలని. ప్రూన్ కొట్టేముందు ఆగిన కంటైనర్ల లోపల ఏముందో జాబితా తీయాలని. ఈ చివరి దానికి ఎక్కువ టైం పడుతుందన్నారు. పడుతుంది. ఊడ్చేముందు వంగి చూడటానికి ఎప్పుడైనా టైం పడుతుంది. అందుకే ఆ టైమును వంతుల పట్టికలో చేర్చమని అడిగాను, ఇంకా చేర్చలేదు.

పాటల అమ్మాయిల్లో ఒకామె మొన్న సంక్రాంతి తర్వాత మళ్లీ రాయికోడ్ వచ్చింది. ఈసారి ఏ సంస్థా లేదు, తన జీతంతో రెండు మెమరీ కార్డులు కొనుక్కొచ్చింది. మేనత్త ఆరుగురిని పోగుచేసింది. పెద్దమ్మ పాటల్లో ఒకదానికి ముగ్గురు కలిసి మొదటి చరణం గుర్తు తెచ్చుకున్నారు, రెండోదాని దగ్గర నీది తప్పంటే నీది తప్పని కొట్లాడుకున్నారు. ఆ కొట్లాట కూడా రికార్డయింది, దాదాపు ఇరవై నిమిషాలు. ఒక కార్డు ఆమె తీసుకుపోయింది, రెండోది మేనత్త దగ్గర, పసుపు డబ్బాలో ఉంది.