ఉడతకు వారధి ఎవరు కడతారు?

రాముడికి వారధి కట్టడంలో సాయం చేసినందుకే ఉడత వీపు మీద చారలు పడ్డాయని మన పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఆ ఉడతకే వారధి అవసరం పడింది, చెట్టు నుంచి చెట్టుకు.

మాది బాటసింగారం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో మా ఊరికి తరలివచ్చింది. బత్తాయిలు, మామిడిపండ్లు లారీలకు లారీలు దిగుతాయి. ఇంకేం, ఉడతలకు పండగే అనుకుంటాం. కానీ తిండి ఒక్కటే ఉంటే చాలా? పీచూ, దూదీ, ఎండుగడ్డీ ఏరి తెచ్చి కొమ్మల సందునో, తొర్రలోనో గూడు కట్టుకుంటుంది ఉడత. పిల్లలు కళ్లు తెరవకుండానే పుడతాయి. అవి కాస్త ఎదిగేదాకా ఆ గూడు కదలకూడదు.

మా వీధి చివర ఓ ముసలి వేపచెట్టు ఉంది. నిరుడు వానలకు ముందు, కరెంటు తీగలకు అడ్డమని దాని కొమ్మలు కొట్టేశారు. అంతకుముందు ఉడతలు వేప మీంచి రోడ్డవతలి చింతచెట్టుకు నేల తాకకుండా వెళ్లేవి. ఇప్పుడు కిందికి దిగాల్సిందే. కింద పిల్లులు, కుక్కలు, బండ్లు. చెట్ల లెక్కలో ఒక్కటీ తగ్గలేదు. ఉడత దారి మాత్రం తెగిపోయింది.

అడవిలోనూ ఇదే కథ. నల్లమలలో ఉండే బెట్ట ఉడత నేలకు దిగేది బహు అరుదు. చెట్ల పైకొమ్మల మీదే దాని తిండి, తిరుగుడు, కాపురం. పెద్ద చెట్లు పోతే, మధ్యలో రోడ్డు పడితే ఆ పచ్చని పందిరి చిరిగిపోతుంది. అడవి పోయినచోట జామాయిల్ తోట వేస్తే పచ్చదనం కనబడుతుంది. కానీ తొర్ర పడే వయసు రాకుండానే ఆ చెట్లను నరికేస్తారు.

అలాగని ఎక్కడపడితే అక్కడ చెట్లు నింపడమూ మేలు కాదు. మా దారిలోనే, వనస్థలిపురంలో, 1975లో ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. అక్కడి కృష్ణజింకలకు కావలసింది గడ్డినేల. ఉడతకు కావలసింది పాతచెట్టు. ఎవరి ఇల్లు ఎలా ఉండాలో తెలుసుకున్నాకే గొడ్డలైనా, గునపమైనా పట్టాలి.

2015లో మొదలైన హరితహారంలో ఊరూరా మొక్కలు నాటారు. మంచిదే. వాటికి తొర్రలు పడేసరికి మన మనవలు పెద్దవాళ్లవుతారు. అందాకా ఉన్న ముసలి చెట్లే దిక్కు. ఈసారి కొమ్మలు కొట్టేవాళ్లు వస్తే ముందు గూళ్లున్నాయేమో చూడమని, చింత వైపు తీగలకు తగలని కొమ్మ ఒక్కటైనా వదలమని అడగాలని మా వీధివాళ్లం అనుకున్నాం.