పోపు ఎగిరినంత ఎత్తు

ఇల్లు కట్టేవాళ్ళకి డబ్బులు అయిపోయేది సరిగ్గా వంటింటి దగ్గరే. విజయవాడలో ఆ దంపతులు 1998లో ఇల్లు కట్టుకున్నప్పుడూ అంతే. హాల్లో పాలరాయి పరిచారు. వంటగట్టు దగ్గరికొచ్చేసరికి 'గోడకి రెండడుగులు టైల్స్ చాల్లే' అన్నారాయన. ఆవిడ అటకదాకా అడిగింది. ఇలాంటి విషయాల్లో వంట చెయ్యనివాళ్ళ మాటే నెగ్గుతుంది కదా, రెండడుగులే ఖాయమైంది.

పోపు ఆ లెక్క వినలేదు. ఆవాలు చిటపటలాడినప్పుడల్లా నూనె మూడో అడుగుదాకా ఎగిరింది. సున్నం గోడ ముందు పచ్చబడింది, తర్వాత జిడ్డెక్కింది, ఆ జిడ్డుకి మసి అంటింది. ఏటా సంక్రాంతికి ముందు ఆవిడ స్టూలెక్కి సోడా కలిపిన సబ్బునీళ్ళతో రుద్దేది. జిడ్డుతోపాటు సున్నమూ ఊడొచ్చేది. ఆమధ్య ఒక సంక్రాంతికి స్టూలు మీంచి జారి, మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడన్నాడు కొడుకు, 'టైల్స్ మార్పిద్దాం' అని.

షాపులో ఆయన చూపు నేరుగా పండ్లబుట్టలు, టీకప్పుల బొమ్మలున్న టైల్స్ మీదకు పోయింది. కొడుక్కి గరుకుగా, రాయిలా ఉండేవి నచ్చాయి. ఆవిడ ఏమీ అనకుండా ఆ రెండూ, నున్నటి తెల్లదొకటీ శాంపిల్‌కి అడిగి తెచ్చుకుంది. రాత్రి వాటి మీద పసుపు కలిపిన నూనె, చింతపండు పులుసు పోసి వదిలేసింది. పొద్దున తడిగుడ్డతో తుడిస్తే తెల్లది ఒక్క తుడుపుకి తేటబడింది. గరుకుదాని గుంటల్లో పసుపు అలాగే కూర్చుంది. బొమ్మలదాని మీద మరక అసలు కనిపించనే లేదు. 'కనిపించకపోతే పోయినట్టా?' అంది ఆవిడ.

పాతవి కొట్టించిన రోజు నుంచీ వంట వెనక వరండాలోకి మారింది. మేస్త్రీ కొత్త టైల్స్‌ని తొట్టి నీళ్ళలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచాడు. గోడకి వేసే సిరామిక్ టైలు నీళ్ళు పీలుస్తుంది. పొడిగా అతికిస్తే సిమెంటులోని తడి లాగేసుకుని, పట్టు లేకుండా పోతుంది. ఎత్తు సంగతి ఈసారి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు సందులు నింపేముందు ఆవిడ రూపాయి బిళ్ళతో ఒక్కో టైలూ తట్టి చూసింది. పొయ్యి వెనకాల ఒకటి డొల్లగా మోగింది. 'పోనిద్దూ, అతనికి ఇంకోచోట పనుందట' అన్నారాయన మొహమాటంగా.

'తియ్యి బాబూ' అంది ఆవిడ.

మేస్త్రీ గొణుక్కుంటూనే తీశాడు. సిమెంటు నాలుగు మూలలా ఉంది, మధ్యలో లేదు. మళ్ళీ అతికించాడు. సందుల్లో తెల్లసిమెంటు వద్దని ఎపాక్సీ పెట్టించింది. ఖరీదెక్కువే. కానీ తెల్లసిమెంటు పసుపు ఎలా తాగుతుందో ఏళ్ళ తరబడి చూసిన మనిషి ఆవిడ.

మణికట్టు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. అందుకని మొదటి ఆదివారం గోడ తుడిచే పని ఆయన మీద పడింది. పప్పులో పోపు పడ్డాక గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. కింది వరసలు తుడిచి, తలెత్తి చూసి, 'ఇంత పైకి ఎగురుతుందా నూనె?' అన్నారు.

ఆవిడ పప్పుగిన్నె మీద మూత పెట్టింది.